ఖుజామా కోసినామె

ఆ ఏడు కువైట్‌లో వానలు బాగా పడ్డాయి. బాగా అంటే నాలుగుసార్లు. ఆ మాత్రానికే ఎడారి ఒళ్లు తెలియకుండా పూసింది. మార్చి నెల మొదటి శుక్రవారం పొద్దున సూరాయమ్మ ఇసకలో మోకాళ్ల మీద కూర్చుని, కూరలు తరిగే చిన్న కత్తితో ఒక ఊదారంగు పూల మొక్కను వేరుతో సహా పెకలిస్తోంది. కాస్త దూరంలో ఆమె పనిచేసే ఇంటివాళ్ల గుడారాలు ఉన్నాయి. ఏటా చలికాలం చివర వాళ్లు జాబ్రియాలోని మేడ వదిలి ఇలా వచ్చి నాలుగు రోజులుంటారు.

వెనకాల చక్రాల కుర్చీలో ఉమ్ నాసర్ కూర్చుని ఉంది. ఆ ఇంట్లో అందరికంటే పెద్దది. డెబ్భై ఎనిమిదేళ్లు, షుగరు, అరిగిపోయిన మోకాళ్లు. పనివాళ్లు ఆమెను పెద్ద మామా అంటారు, అంటే పెద్దమ్మగారని. కుర్చీ చక్రాలు ఇసకలో దిగబడతాయి కాబట్టి సూరాయమ్మ దాన్ని వెనక్కి తిప్పి, బండి లాగినట్టు లాక్కుంటూ ఇంతదూరం తెచ్చింది.

“వేరు తెగకూడదు మేరీ,” అంది పెద్ద మామా అరబ్బీలో.

“తెగదు మామా,” అంది సూరాయమ్మ తనకొచ్చిన వంటింటి అరబ్బీలో.

ఆ ఇంట్లో మేరీ అన్నది పేరు కాదు, ఉద్యోగం. పెద్ద మామా పనులు చూసే మనిషిని మేరీ అంటారు. మొదటి మేరీ ఎవరో గోవా మనిషట, ఇరాక్ యుద్ధం వచ్చిన ఏడు వెళ్లిపోయిందట. ఆ తర్వాత వచ్చినవాళ్లందరూ మేరీలే అయ్యారు. పదకొండేళ్ల కిందట రాజోలు దగ్గరి పల్లెనుంచి సూరాయమ్మ వచ్చి గుమ్మంలో నిలబడ్డప్పుడు, ఇంటి కోడలు “మేరీ, ఇటు రా” అంది. ఇంకెవరైనా ఉన్నారేమోనని సూరాయమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. తనే వెళ్లింది.

మొక్క ఊడి వచ్చింది. సూరాయమ్మ వేళ్లతో వేరుకంటిన ఇసక దులిపి, పువ్వును పెద్ద మామా ముక్కు దగ్గర పెట్టింది. ముసలామె కళ్లు మూసుకుని వాసన పీల్చింది. దీన్ని ఖుజామా అంటారని సూరాయమ్మకు తెలుసు. ప్రతి ఏడూ ఈ పువ్వు దగ్గరికి రాగానే పెద్ద మామా అదే కథ చెబుతుంది. ఒంటె ముక్కుకు వేసే కడియాన్ని ఖిజామ్ అంటారట. ఈ వాసన కూడా మనిషి ముక్కు పట్టుకుని అలా లాక్కుపోతుంది కాబట్టి దీనికి ఖుజామా అని పేరొచ్చిందట. వాళ్లమ్మ చెప్పిందట. నిజమో కాదో ఆ అమ్మకే తెలియాలి. సూరాయమ్మకు మాత్రం ఆ కథ ఇష్టం. పదకొండోసారి కూడా మొదటిసారి విన్నట్టే వింది.

గుడారంలో దిండుకానుకుని పడుకున్న నూరా వాళ్లను చూసి లేచి కూర్చుంది. పెద్ద మామా మనవరాలు, యూనివర్సిటీలో రెండో ఏడు. ఇసకలో నడిస్తే తుమ్ములొస్తాయని బయటికి రాలేదు గాని, ఈ మొక్కల గొడవంతా ఆ పిల్లదే. ఎడారి మొక్కలు పన్నెండు ఎండబెట్టి, అట్టలకు అంటించి, బుధవారం కాలేజీలో పెట్టాలి. ఫిబ్రవరిలోనే కొన్ని కోయించి ప్లాస్టిక్ కవర్లలో దాచింది. వాటికి బూజు పట్టింది.

“పేర్లు కూడా కావాలి,” అంది నూరా. “పుస్తకంలో పేర్లు కాదు, మనవాళ్లు పిలిచే పేర్లు. మేరీ, నీకు ఎన్ని తెలుసు?”

సూరాయమ్మ గంపలోంచి ఒక్కొక్కటే తీసి పరిచింది. పచ్చిగా ఉన్నా మండే అర్ఫజ్. వాన పడ్డ వారానికే పసుపుగా పూసే నువైర్. నేలకంటుకుని పాకే, కాలికి గుచ్చుకునే కాయ కాసే సఅదాన్. ఏది ఒంటె తింటుందో, దేన్ని కడుపునొప్పికి కషాయం కాస్తారో కూడా చెప్పింది. అవన్నీ ఏటా పెద్ద మామా చెప్పగా నేర్చుకున్నవే. మధ్యలో ఒకటి రెండు చోట్ల ఆమె సరిదిద్దింది, లేకపోతే తల ఊపుతూ వింది. నూరా ఫోనులో రాసుకుంది.

అంతా అయ్యాక నూరా ఒక అచ్చు కార్డు తీసి చూపించింది. మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ. వాటి కింద రెండు గీతలు. కోసినవారు, పేరు చెప్పినవారు. వాళ్ల డాక్టర్ ఈ రెండు గీతల దగ్గర చాలా పట్టింపు మనిషట. యూనివర్సిటీలో పాఠం చెప్పేవాళ్లను అక్కడ డాక్టర్ అనే అంటారు. ఎవరి చేత్తో కోస్తే వాళ్ల పేరే ఉండాలి, పనివాళ్లయినా సరే, అబద్ధం రాస్తే మార్కులు పోతాయని చెప్పిందట.

“కాబట్టి నీ పేరే రాస్తాను. ఈ అట్టలు యూనివర్సిటీ బీరువాల్లో పెడతారు. వందేళ్లయినా ఉంటాయట,” అంది నూరా.

సూరాయమ్మ నవ్వింది. రొట్టెల పిండి కలపడానికి వెళ్లింది. పిండి పిసుకుతుంటే ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. వందేళ్లట. ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు మీద తప్ప ఇక్కడ ఆమె పేరు ఎక్కడా లేదు. అది కూడా ఇంటి యజమాని బీరువాలో ఉంటుంది. తన పేరు ఎక్కడైనా ఉండాలని ఇన్నేళ్లలో ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు ఉంటే బాగుండును అనిపించింది. తనకే విడ్డూరంగా తోచింది.

*

శనివారం జాబ్రియా ఇంటికి రాగానే సూరాయమ్మ బట్టలుతికే గదిని మొక్కల గది చేసింది. ఎండబెట్టడం ఆమెకు ఒకరు నేర్పక్కరలేదు. మామిడి తాండ్ర, వడియాలు, ఎండుచేపలు అన్నీ ఆరబెట్టిన చెయ్యి. తడి లోపల ఉండిపోతే ఏదైనా పాడవుతుంది, తొందరపడి మాడిస్తే పెళుసవుతుంది. పాత అరబ్బీ పేపర్లను ముందు ఇస్త్రీ పెట్టెతో వేడిచేసింది. ఒక్కో మొక్కనూ పరిచి, ఆకులు ఒకదాని మీద ఒకటి పడకుండా చీపురుపుల్లతో విడదీసింది. ఒక ఆకును బోర్లా తిప్పింది, అడుగు కూడా కనపడాలని నూరా చెప్పింది కాబట్టి. పైన చెక్క, దాని మీద ఇరవై కిలోల బియ్యం బస్తా.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పేపర్లు మార్చాలి. ఖుజామా మరీ సుకుమారం. ఒక్కపూట తడి తగిలితే ఊదా పోయి నల్లబడుతుంది. దానికి మాత్రం మధ్యాహ్నం కూడా మార్చింది. పెద్ద మామాకు ఇన్సులిన్ ఇచ్చి, అన్నం తినిపించి, కాళ్లు పట్టి, ఆమె కునుకు తీసిన అరగంటలో పరుగున వచ్చి మార్చేది.

ఆదివారం అబ్బాసియాలో ఉన్న రత్నమణికి ఫోన్ చేసింది. రత్నమణి వాళ్ల ఊరి పక్కదే, ఇక్కడ ఆస్పత్రిలో నర్సు. నెలకొక శుక్రవారం చర్చిలో కలుస్తారు. సంగతి విని రత్నమణి మురిసిపోయింది, కార్డు ఫోటో తీసి పంపితే సంఘంలో అందరికీ చూపిస్తానంది. ఇంటిపేరు కూడా రాయించుకోమని మరీ మరీ చెప్పింది. ఉత్త సూరాయమ్మ అంటే ఏ సూరాయమ్మో ఎవరికి తెలుస్తుంది?

సూరాయమ్మకు అదీ నిజమే అనిపించింది. నూరా వచ్చి పేరు అక్షరాలు ఎలా రాయాలని అడుగుతుంది. అప్పుడు నెమ్మదిగా, ముక్కలుగా చెప్పాలి. నల్లి. సూరా. యమ్మ. బట్టలు మడతపెడుతూ ఒకటి రెండుసార్లు పైకి అనుకుని కూడా చూసుకుంది.

నూరా అడగలేదు. సోమవారం ఎక్కడికో వెళ్లింది. మంగళవారం మధ్యాహ్నం హాల్లో బల్ల మీద అట్టలన్నీ పరిచి, జిగురుతో అంటించి, కార్డులు కూడా అతికించేసింది. ఎంత బాగా కుదిరాయో చూడమని సూరాయమ్మను పిలిచింది. నిజంగానే బాగా కుదిరాయి. ఖుజామా రంగు చెక్కుచెదరలేదు. సూరాయమ్మ చూపంతా కార్డు మీద ఉంది. అరబ్బీ ఆమెకు మాట వస్తుంది, అక్షరం రాదు.

సాయంత్రం అట్టలను కారులో పెట్టమన్నారు. గ్యారేజీలో డ్రైవరు బుడేన్ సాహెబ్ ఉన్నాడు. కడప జిల్లా మనిషి, చిన్నప్పుడు మదరసాలో చదివాడు కాబట్టి అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుంటాడు. సూరాయమ్మ ఖుజామా అట్ట అతని ముందు పెట్టి, కింది రెండు గీతల్లో మొదటిదాని మీద ఏం రాసుందో చదవమంది.

అతను కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు. ఇంకో అట్ట తీసి అదీ చూశాడు.

“అన్నిట్లోనూ ఒకటే ఉండాదిలే అక్కా.”

“ఏవుందండీ?”

“మేరీ అని రాసినారు.”

అతను పన్నెండు అట్టలూ వరసగా సీటు మీద సర్దేదాకా సూరాయమ్మ నిలబడే ఉంది. ఆమెకు కోపం ముందు రాలేదు, సిగ్గు వచ్చింది. ఆ పిల్ల మోసం చెయ్యలేదు. మాట ఇచ్చినట్టే, తనకు తెలిసిన పేరు రాసింది. చిన్నప్పటినుంచి ఆ పిల్ల ఈమెను మేరీ అనే పిలిచింది, ఈమె ఆఁ అనే పలికింది.

“ఇప్పుడెల్లి చెప్పమంటారా, సాయిబుగారూ?”

బుడేన్ సాహెబ్ తల అడ్డంగా ఆడించాడు. పన్నెండు కార్డులు పీకి మళ్లీ రాయాలంటే నూరా తల్లి ఊరుకోదన్నాడు. అతన్ని కూడా ఈ ఇంట్లో బాబు అంటారట, తాను పట్టించుకోడట. జీతం ఏ పేరుతో ఇస్తే ఏమన్నాడు. ఓదార్పుగానే అన్నాడు గాని, సూరాయమ్మకు ఆ మాటలు ఒంటికి పట్టలేదు.

చెబుదామని నూరా గది దాకా వెళ్లింది. తలుపు తట్టడానికి చెయ్యెత్తి దించేసింది. పదకొండేళ్లు పలికిన పేరు ఇవాళ నాది కాదంటే, ఇన్నాళ్లూ అబద్ధమాడినట్టు ఉంటుంది. ఎప్పుడో మొదటిరోజే ఒక్కమాట అని ఉంటే సరిపోయేది. ఆ రోజు అనలేదు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, నోరు పెగల్లేదు. రేపు చెబుదామనుకుంది. ఆ రేపులన్నీ ఇలా పోగుపడ్డాయి. వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

*

బుధవారం కాలేజీ హాలు కిటకిటలాడింది. బల్లల మీద అట్టలు, వాటి వెనక పిల్లలు, వాళ్ల వెనక తల్లిదండ్రులు. పెద్ద మామా తానూ వస్తానని పట్టుబట్టింది కాబట్టి కుర్చీ తోయడానికి సూరాయమ్మ కూడా వచ్చింది. మామా, అంటే నూరా తల్లి అయిన ఆ ఇంటి కోడలు, పొద్దున్నే చెప్పేసింది, కుర్చీ వెనకే ఉండమని, ఎవరితోనూ మాట్లాడొద్దని. సూరాయమ్మ కుర్చీ వెనకే ఉంది.

బాటనీ డాక్టర్ ఒక పొట్టి ఆవిడ. మెడలో భూతద్దం వేలాడుతోంది. ఒక్కో బల్ల దగ్గరా ఆగి, పిల్లల్ని ప్రశ్నలడిగి, మొహమాటం లేకుండా తప్పులు చెబుతోంది. నూరా బల్ల దగ్గరికొచ్చి ఖుజామా అట్ట మీద వంగి చాలాసేపు లేవలేదు.

“ఇది ఎవరు ఎండబెట్టారు?”

“మేరీ,” అంది నూరా వేలు చూపించి. “మా ఇంట్లో పనిచేస్తుంది. కోసింది కూడా తనే. కార్డులో రాశాను డాక్టర్.”

డాక్టర్ సూరాయమ్మ వైపు తిరిగి చాలా బాగుందని తల ఊపింది. తర్వాత చుట్టూ చేరిన పిల్లలకు ఆ పువ్వు పుస్తకం పేరు చదివి చెప్పింది. ఆ లాటిన్ పేరులో మొదటి సగం లండన్‌లో ఒక పెద్ద తోటకు పనిచేసిన దొరదట. రెండో సగం, కువైట్‌లో కాపురముండి, ఈ మొక్కను ఎండబెట్టి అక్కడికి పంపిన ఒక ఇంగ్లీషు దొరసానిదట.

“ఆ దొరసాని గుడారాల్లో ఆడవాళ్లను అడిగే ఉంటుంది, ఇదేమిటి, అదేమిటి అని,” అంది డాక్టర్. “వాళ్లు చూపించే ఉంటారు. వాళ్ల పేర్లు మాత్రం మనకు తెలియవు. నా కార్డులో ఆ రెండు గీతలూ అందుకే పెట్టాను.”

అంటూనే ఆమె రెండో గీత చదివింది. పేరు చెప్పినవారు, ఉమ్ నాసర్.

“నాసర్ తల్లి. బాగుంది. కువైట్‌లో నాసర్ తల్లులు ఎంతమందో. ఈవిడ పేరేమిటి?”

నూరా తల్లివైపు చూసింది. మామా ముఖం బిగుసుకుంది. పక్కన ఇద్దరు ముగ్గురు మగవాళ్లు నిలబడి ఉన్నారు. ఇంటి ఆడవాళ్ల పేరు పరాయి మగవాళ్ల మధ్య పలకడం ఆ ఇళ్లలో మర్యాద కాదు. పెద్ద కొడుకు పుట్టిన రోజునుంచి ఆడది ఫలానావాడి తల్లి అయిపోతుంది. మామా నవ్వు తెచ్చుకుని, ఉమ్ నాసర్ అంటే చాలు డాక్టర్, అందరికీ తెలిసిన కుటుంబమే అంది. డాక్టర్ కలం మూత తీసి పట్టుకుని, ఇంకా ముసలామె వైపే చూస్తోంది.

“మూదీ,” అంది పెద్ద మామా.

మామా వంగి ఆమె చెవిలో ఏదో చెప్పబోయింది. ముసలామె చేత్తో తోసేసింది.

“నా పేరు మూదీ. రాసుకో.”

గొంతు పెద్దదే. మగవాళ్లు మర్యాదగా ఇంకో బల్ల వైపు చూశారు. డాక్టర్ ఉమ్ నాసర్ కొట్టేసి, పైన కొత్త పేరు రాసింది.

కుర్చీ వెనక నిలబడ్డ సూరాయమ్మ ఆ పేరు లోలోపల ఒకసారి అనుకుంది. పదకొండేళ్లు ఈమెకు స్నానం చేయించింది. వీపు మీద పుట్టుమచ్చ ఎక్కడుందో తెలుసు, ఏ మోకాలు ముందు నొప్పెడుతుందో తెలుసు. పేరు ఇప్పుడే తెలిసింది. తనూ ఏనాడూ అడగలేదు. ఆ ఆలోచన రాగానే, అడ్డుపడి ఉన్నదేదో తొలగినట్టు మాట బయటికి వచ్చింది.

“డాక్టర్. నాది కూడా మార్చాలి.”

నూరా తెల్లబోయింది. “ఏది మేరీ?”

“నా పేరు మేరీ కాదు.”

మామా ఇటు తిరిగింది. ఇన్నేళ్లు పలికావు కదా అని అడిగింది, గొంతు తగ్గించి. అది ప్రశ్న కాదని, నోరు మూసుకోమనడమని సూరాయమ్మకు తెలుసు. కుర్చీ పిడులు గట్టిగా పట్టుకుంది. వదల్లేదు.

“నాకు తెలుసు,” అంది పెద్ద మామా తల తిప్పకుండానే. “మేరీ యుద్ధమప్పుడు వెళ్లిపోయింది. ఇది మేరీ కాదని మొదటిరోజే నాకు తెలుసు.”

సూరాయమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తెలియక పిలిచారనుకున్నంతకాలం ఇంత నొప్పి లేదు.

“నువ్వు చెప్పలేదు,” అంది పెద్ద మామా.

“మీరు అడగలేదు మామా.”

ఇద్దరూ చెప్పింది నిజమే. నూరా మొహం ఎర్రబడింది. డాక్టర్ మేరీ అన్న చోట ఒక గీత గీసి, చెప్పమన్నట్టు తలెత్తింది. సూరాయమ్మ చెప్పింది. డాక్టర్‌కు నోరు తిరగలేదు. మళ్లీ ముక్కలుగా చెప్పింది. అరబ్బీలో కుదిరినంత రాసి, డాక్టర్ కలం ఆమె చేతికిచ్చి, పక్కన మీ అక్షరాల్లో మీరే రాయండి అంది. సూరాయమ్మ చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని, బల్ల మీదికి వంగి రాసింది. జాగా చాలక చివరి అక్షరాలు గీత కిందికి దిగిపోయాయి. మిగతా పదకొండు కార్డులూ నూరా ఒక్కొక్కటే ముందుకు జరిపింది.

అన్నీ అయ్యాక మామా ఒక్కమాటే అంది. ఇంటికెళ్లాక మాట్లాడదామంది.

*

ఇంటికి వచ్చేటప్పుడు నూరా తన కారులో వెనక వస్తానంది. ముందు బుడేన్ సాహెబ్, మధ్య సీట్లో మామా, పెద్ద మామా, వెనక సీట్లో మడిచిన చక్రాల కుర్చీ పక్కన సూరాయమ్మ. మందుల సంచి, నీళ్ల ఫ్లాస్కు ఆమె ఒళ్లోనే ఉన్నాయి. రోడ్డు పనులు జరుగుతున్నాయేమో, బండ్లు బారులు తీరి ఆగిపోయాయి.

మాట్లాడదామంటే ఏం మాట్లాడుతుందో సూరాయమ్మ లెక్కలేసుకుంటోంది. వేరే ఇంటికి పంపిస్తానంటుందా, టిక్కెట్టు కొని ఊరికే పంపేస్తానంటుందా? భయంగానే ఉంది. కానీ చేసిన పనికి విచారం ఎంత వెతుక్కున్నా కనపడలేదు.

“మేరీ, నీళ్లు,” అంది పెద్ద మామా.

సూరాయమ్మ చెయ్యి ఫ్లాస్కు మీదికి దానంతటదే వెళ్లింది. మూత మీద ఆగిపోయింది. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

“మేరీ.”

షుగరు మనిషి, దాహం వేస్తే ఆగలేదు. ఆ సంగతి సూరాయమ్మకంటే ఎవరికీ ఎక్కువ తెలియదు. లోపల పీకుతోంది. అయినా తిరగలేదు. అద్దంలోంచి బుడేన్ సాహెబ్ కళ్లు పెద్దవి చేసి చూశాడు. ఇవ్వు అక్కా అన్నట్టున్నాయి ఆ కళ్లు.

“వినపడలేదా? పెద్ద మామా నీళ్లడుగుతోంది,” అంది మామా వెనక్కి తిరిగి.

“నన్ను పిలవలేదు మామా,” అంది సూరాయమ్మ.

మామా నోరు తెరిచింది. పెద్ద మామా ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. బండి పది అడుగులు కదిలి మళ్లీ ఆగింది. ముసలామె పెదాలు తడుపుకుంది. సూరా అంది. ఆగింది. కార్డు దగ్గర విన్నదాన్ని గుర్తుచేసుకుంటున్నట్టు వేళ్లు ఒళ్లో కదిలాయి. సూరామ్మ అంది. కాదని తనకే తెలిసినట్టుంది, తల ఊపుకుంది. సూరాయమ్మ వింటోంది.

“సూరాయమ్మా,” అంది పెద్ద మామా. “నాకు దాహంగా ఉంది.”

“ఇదిగోనండీ,” అంది సూరాయమ్మ.

ఆ మాట తెలుగులో వచ్చిందని, గ్లాసు నింపి ఆమె చేతికి అందించాక గాని తెలియలేదు.